మైనస్ 25 శాతం నీళ్లు

డ్రమ్ములో మైనస్ 25 శాతం నీళ్లు ఉంటాయా? ఉండవు కదా. అందుకే స్క్రీన్ మీద ఆ అంకె కనబడగానే నేను పెద్దగా ఆలోచించకుండా ఒక లైను కోడ్ రాసేశా. విలువ సున్నా కంటే తక్కువ వస్తే సున్నా అని చూపించు, అంతే. గ్రాఫ్ నీట్‌గా అయిపోయింది. టీమ్‌లో అందరూ సూపర్ అన్నారు. పది రోజుల తర్వాత ఆ ఒక్క లైను వల్ల ల్యాబ్ అంతా నీళ్లయింది.

సంగతేంటంటే, టెక్ ఫెస్ట్ కోసం మేం నలుగురం సీఎస్ఈ వాళ్లం ఒక ప్రాజెక్ట్ తీసుకున్నాం. కింద 200 లీటర్ల డ్రమ్ము, పైన స్టాండ్ మీద 50 లీటర్ల డ్రమ్ము, మధ్యలో పంపు. పై డ్రమ్ములో నీటిమట్టం ఎప్పుడూ 60 శాతం దగ్గర ఉండాలి. పక్క డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఉన్న పీఎల్‌సీ ట్రైనర్ కిట్ వాడుకోమన్నారు. దానికి ఒక మిక్స్‌డ్ అనలాగ్ మాడ్యూల్ ఉంది, నాలుగు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు. మట్టం కొలిచే ట్రాన్స్‌మిటర్ ఒక ఇన్‌పుట్‌కి, పంపు స్పీడు మార్చే డ్రైవ్ ఒక అవుట్‌పుట్‌కి కలిపారు. మా పని ల్యాప్‌టాప్‌లో పైథాన్ రాయడం. మోడ్‌బస్ ద్వారా మట్టం చదవాలి, ఎంత స్పీడు కావాలో లెక్కేసి తిరిగి పంపాలి. అది పీఎల్‌సీ నుంచి అవుట్‌పుట్‌కి వెళ్తుంది. డ్రమ్ము ఖాళీ అయితే ఫుల్ స్పీడు, 60 దగ్గరికొస్తే తగ్గించు. మాకు ఇందులో కష్టమేమీ కనబడలేదు.

రిహార్సల్ రోజు టెర్మినల్‌లో సరిగ్గా బిగించని వైరు ఒకటి ఊడింది. మా స్క్రీన్ మీద మట్టం సున్నా అని వచ్చింది. సున్నా అంటే ఖాళీ, ఖాళీ అంటే ఫుల్ స్పీడు. మేం ల్యాప్‌టాప్ చుట్టూ చేరి స్లైడ్లు దిద్దుకుంటున్నాం. పై డ్రమ్ము పొంగి నేల మీదికి నీళ్లొచ్చాయి. నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. ల్యాబ్ అసిస్టెంట్ అన్న పరిగెత్తుకెళ్లి ఎంసీబీ దించేశాడు కాబట్టి ఈ వ్యాసం నవ్వుతూ రాయగలుగుతున్నా. తర్వాత తిట్లు తిన్నది కూడా ఆయనే, "వైరు చూసుకోవద్దా" అని. నేను అప్పుడు నోరు మెదపలేదు. వైరు ఊడింది నిజమే కదా, తప్పు హార్డ్‌వేర్‌ది అని నాకు నేను సర్దిచెప్పుకున్నా.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకుంటే అసలు విషయం అర్థమైంది. మైనస్ 25 అనేది బగ్ కానే కాదు. పది రోజుల ముందు, వైరు ఇంకా కలపకముందే, "నాకు వైరు లేదు బాబూ" అని మాడ్యూల్ చెప్పిన మాట అది. నేను దాని నోరు మూసేశా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సీఎస్ఈ వాళ్లందరికీ కనీసం ఒక్క ల్యాబ్ అయినా అనలాగ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఉన్న మాడ్యూల్ మీద ఉండాలి. అది ఎలక్ట్రికల్ వాళ్ల సబ్జెక్ట్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ల సబ్జెక్ట్ అని వదిలేయడం తప్పు. ఎందుకో చెప్తా.

మొదట ఆ మైనస్ 25 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఫ్యాక్టరీల్లో సెన్సర్లు మాట్లాడే మామూలు భాష 4 నుంచి 20 మిల్లీఆంప్‌ల కరెంట్. డ్రమ్ము ఖాళీగా ఉంటే 4, నిండితే 20. మధ్యలో సగం అంటే 12. మనకి వెంటనే వచ్చే డౌట్, సున్నా నుంచి మొదలుపెట్టొచ్చు కదా, ఈ 4 ఏంటి అని. సమాధానం చాలా సింపుల్. ఖాళీ డ్రమ్ముకి 0 మిల్లీఆంప్‌లు అని పెట్టుకుంటే, వైరు తెగినప్పుడూ 0 మిల్లీఆంప్‌లే కాబట్టి రెండిటికీ తేడా తెలియదు. ఖాళీ అని చెప్పడానికి కూడా కొంత కరెంట్ పారాలి అని రూల్ పెట్టుకుంటే, అసలు కరెంటే లేకపోవడం ఇంకో వార్త అవుతుంది. దీన్ని లైవ్ జీరో అంటారు. బతికున్న సున్నా అన్నమాట.

మన భాషలో చెప్పాలంటే "సున్నా" వేరు, "లేదు" వేరు. రిజల్ట్స్ వచ్చినప్పుడు చూడండి. పరీక్ష రాసి ఏమీ రానివాడికి 0 వేస్తారు. అసలు రానివాడికి ఏబీ అని వేస్తారు. రెండు చోట్లా 0 వేసేస్తే ఎవరు రాశారో, ఎవరు రాలేదో ఎవరికీ తెలీదు. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లు అంటారు. 4–20 లూప్‌లో ఆ సామెత పనిచేయదు. ఇక్కడ మౌనం అంటే ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే.

ఇది ఎలక్ట్రానిక్స్ వాళ్లు కొత్తగా కనిపెట్టిన తెలివి కూడా కాదు. అంతకుముందు ప్లాంట్లలో సిగ్నల్స్ గాలి పీడనంతో వెళ్లేవి, 3 నుంచి 15 పీఎస్ఐ. అక్కడ కూడా మొదలు సున్నా కాదు, 3. గొట్టం పగిలితే పీడనం 3 కన్నా కిందికి పోతుంది, తెలిసిపోతుంది. 3కి 15, 4కి 20, రెండిట్లోనూ ఒకటికి అయిదే నిష్పత్తి.

ఇప్పుడు మా కిట్ సంగతి. మాడ్యూల్ ఈ కరెంట్‌ని ఒక పూర్ణాంకంగా మారుస్తుంది. సీమెన్స్ ఎస్7-1200 లాంటి పీఎల్‌సీల్లో పూర్తి స్కేలు 27648. మా కిట్‌లోనూ అంతే. కానీ ఇన్‌పుట్ 0–20 మిల్లీఆంప్‌ల రేంజ్‌లో సెట్ అయి ఉంది. అప్పుడు 4 మిల్లీఆంప్‌లకి 5530 వస్తుంది, 20కి 27648. ఈ రెండిటి మధ్య గీత గీసి మేం శాతం లెక్కేశాం. ఒక్కో మిల్లీఆంప్‌కి 6.25 శాతం. వైరు లేకపోతే 0 మిల్లీఆంప్‌లు, అంటే 4 కన్నా నాలుగు తక్కువ. నాలుగు ఆరుంపావులు 25. మైనస్ 25 శాతం. లెక్క కరెక్టుగానే ఉంది. దాన్ని చదవడం నాకు రాలేదు.

ఆర్డునోతో ప్రాజెక్టులు చేసినవాళ్లకి ఇంకో అనుభవం ఉండే ఉంటుంది. ఊనోలో ఏ0 పిన్‌కి ఏమీ కలపకుండా చదవండి. 0 నుంచి 1023 మధ్య ఏవేవో అంకెలు వస్తాయి. ఒక్కోసారి నిజంగా గది ఉష్ణోగ్రతలా కూడా కనిపిస్తాయి. వైరు లేదన్న సంగతి ఆ అంకెల్లో ఎక్కడా ఉండదు. 0–5 వోల్టుల సిగ్నల్‌తో వచ్చే చిక్కు ఇదే. పైగా వోల్టేజీ అయితే పొడుగు వైరులో కొంత పోతుంది. కరెంట్ లూప్‌లో ఎక్కడ కొలిచినా అదే కరెంట్. మాడ్యూల్ లోపల 250 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా పంపితే 1 నుంచి 5 వోల్టులుగా చదువుకోవచ్చు. చూశారా, అక్కడ కూడా మొదలు 1.

ఈ పద్ధతికి ఇంకా వివరమైన రూల్ కూడా ఉంది. నామూర్ అనే జర్మన్ సంస్థ ఇచ్చిన ఎన్ఈ 43 సిఫారసు ప్రకారం 3.8 నుంచి 20.5 మిల్లీఆంప్‌ల దాకా కొలతగా తీసుకోవచ్చు. 3.6కి దిగినా, 21కి ఎక్కినా అది కొలత కాదు, సెన్సర్ నాకు బాగోలేదని చెప్పడం. అంటే ఒకే జత వైర్ల మీద రెండు విషయాలు వెళ్తున్నాయి, కొలత ఎంత అనేది, ఆ కొలతని నమ్మొచ్చా అనేది. నేను రాసిన లైను రెండోదాన్ని చెరిపేసింది.

ఇక్కడ మీలో చాలామంది, "బ్రో, మేం ఎంఎల్ చేస్తాం, మాకు పంపులతో ఏం పని" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. కానీ డేటా సెట్‌లో మిస్సింగ్ వాల్యూస్ కనబడగానే మనం మొదట చేసేదేంటి? సున్నాతో నింపేయడం. పాండాస్‌లో ఒక్క లైను. నేను డ్రమ్ముకి చేసింది అచ్చం అదే పని. ఇక్కడ నీళ్లు పొంగాయి కాబట్టి తెలిసింది. మోడల్ ట్రెయినింగ్‌లో అయితే ఏమీ పొంగదు. మోడల్ హాయిగా నేర్చుకుని, హాయిగా తప్పు చెప్తుంది.

ఇంకో చిన్న విషయం. మా డ్యాష్‌బోర్డు మట్టాన్ని దశాంశం తర్వాత ఆరు అంకెలతో చూపించేది. 12 బిట్ల మాడ్యూల్ అనుకుంటే 20 మిల్లీఆంప్‌లని 4096 మెట్లుగా కోస్తుంది. మెట్టుకి సుమారు 0.005 మిల్లీఆంప్, అంటే మట్టంలో 0.03 శాతం. రెండో దశాంశం దగ్గరే మాడ్యూల్ చెప్పగలిగింది అయిపోయింది. మిగతా నాలుగు అంకెలు మా కల్పన. అయినా జడ్జిలకి అవే నచ్చుతాయని అనుకున్నాం.

ఇప్పటిదాకా ఇన్‌పుట్ గురించి చెప్పా. మిక్స్‌డ్ మాడ్యూల్‌కి ఇంకో సగం ఉంది, అవుట్‌పుట్. అది నేర్పే పాఠం ఇంకా పెద్దది. నేను 27648 అని రాస్తే 20 మిల్లీఆంప్‌లు బయటికి వెళ్తాయి. పంపు ఫుల్ స్పీడుకి వెళ్లిందా? నాకు తెలీదు. వెళ్లమని చెప్పా, అంతే. మోటార్ ట్రిప్ అయి ఉండొచ్చు, డ్రైవ్ ఆఫ్‌లో ఉండొచ్చు. మా స్క్రీన్ మీద మాత్రం "పంపు స్పీడు 100 శాతం" అని పచ్చగా వచ్చేది. అది మేం పంపిన అంకెనే మళ్లీ మాకు చూపించుకోవడం. అద్దంలో మన మొహం చూసుకుని ఎదుటివాడు నవ్వాడు అనుకున్నట్టు.

ఈ తేడా ఎంత ఖరీదైందో 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో తెలిసింది. ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లోని దీపం మాత్రం మూసుకున్నట్టే చెప్పింది. ఎందుకంటే ఆ దీపం చూపించేది వాల్వ్‌కి "మూసుకో" అని ఆదేశం వెళ్లిందా లేదా అన్నదే. వాల్వ్ నిజంగా మూసుకుందా అన్నది ఆ దీపానికి తెలీదు. రెండు గంటలకి పైగా అక్కడి నుంచి చల్లబరిచే నీరు పోతూనే ఉంది. రియాక్టర్ కోర్‌లో కొంత భాగం కరిగిపోయింది.

అందుకే నాలుగు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు ఒకే డబ్బాలో ఉన్న మాడ్యూల్ చదువుకోవడానికి సరిగ్గా సరిపోతుందని నా వాదన. ఎస్7-1200లో ఎస్ఎం 1234 అలాంటిదే, నాలుగు లోపలికి, రెండు బయటికి. ఒక అవుట్‌పుట్ నుంచి స్పీడు ఆదేశం పంపు, మోటార్ అసలు స్పీడుని డ్రైవ్ నుంచి ఇంకో ఇన్‌పుట్‌లోకి తెచ్చుకో, రెండిటినీ పోల్చు. తేడా ఎక్కువసేపు ఉంటే అలారం కొట్టు. చెప్పడం, జరగడం, జరిగిందని తెలుసుకోవడం, మూడూ అరచేతిలో పట్టేంత డబ్బా దగ్గర కనిపిస్తాయి. మా కిట్‌లో మూడు ఇన్‌పుట్లు ఖాళీగా ఉన్నాయి. ఒక్కటి వాడుకోవాలని మాకు తోచలేదు.

నిజం చెప్పాలంటే ఈ మాడ్యూల్‌కీ ఒక లోపం ఉంది. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు ఒకే డబ్బాలో ఉంటే ఆ డబ్బా పోయినప్పుడు కళ్లూ చేతులూ ఒకేసారి పోతాయి. అందుకే పెద్ద ప్లాంట్లలో చాలా చోట్ల వీటిని వేర్వేరు మాడ్యూల్స్ మీద పెడతారు. చిన్న మెషిన్లకి, చిన్న పంపు హౌస్‌లకి స్లాటూ డబ్బూ కలిసొస్తుందని మిక్స్‌డ్ వాడతారు. ఏది ఎక్కడ అని తేల్చుకోవడం కూడా ఇంజినీరింగే కదా. మనం సర్వర్ల గురించి సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని చదువుకుని పరీక్షలో అయిదు మార్కులకి రాస్తాం. అది చేత్తో పట్టుకుంటే ఇలా ఉంటుంది.

ఇంకొకటి. సెన్సర్ బాగుంది, వైరు బాగుంది, అంకె నిజమే. అయినా సరిపోకపోవచ్చు. ఇది మన దగ్గర జరిగిందే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అప్పుడు మనం స్కూల్లో ఉన్నాం, లాక్‌డౌన్‌లో టీవీల ముందు కూర్చుని చూశాం. తర్వాత జరిగిన విచారణల్లో బయటపడ్డ లోపాల్లో ఒకటి, ట్యాంకు ఉష్ణోగ్రతని కింది భాగంలోనే కొలిచారని, పై పొరల్లో వేడెక్కుతున్న సంగతి తెలుసుకునే ఏర్పాటు లేదని. ఆ ఒక్క కారణం వల్లే జరిగిందని నేను అనట్లేదు, చాలా కారణాలున్నాయి. కానీ స్క్రీన్ మీద "ట్యాంకు ఉష్ణోగ్రత" అని లేబుల్ రాసేది మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు. నిజానికి అది "ట్యాంకు అడుగున ఒక చోట ఉష్ణోగ్రత". ఆ నాలుగు మాటలు లేబుల్‌లో పట్టవని తీసేసే ముందు ఒక్క క్షణం ఆగాలని ఈ సంగతి తెలిశాక అనిపించింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, మా సీనియర్ ఒకరు అడిగారు కూడా. "అసలు నిజమైన ప్లాంట్‌లో ఎవరో విద్యార్థి రాసిన పైథాన్ పంపుని నడపనివ్వరు. పొంగకుండా విడిగా ఒక ఫ్లోట్ స్విచ్ ఉంటుంది, అది నీ కోడ్‌తో సంబంధం లేకుండా పంపుని ఆపేస్తుంది. కాబట్టి నీ భయం ఎక్కువైంది" అని. ఆయన చెప్పింది కరెక్ట్. మా డ్రమ్ముకి ఫ్లోట్ స్విచ్ లేదు, ఉండాలని అనుకోలేదు కూడా. కానీ నా ప్రశ్న కూడా అదే. అది ఉండాలని సీఎస్ఈలో మనకి ఎవరు, ఎప్పుడు చెప్తారు? ప్లేస్‌మెంట్‌లో ఏ పవర్ ప్లాంట్ డ్యాష్‌బోర్డ్ ప్రాజెక్టులోనో, ఏ వాటర్ బోర్డు మానిటరింగ్ యాప్ టీమ్‌లోనో పడతాం. అక్కడ స్క్రీన్ చూసి నిర్ణయం తీసుకునే ఆపరేటర్ ఉంటాడు. మన కోడ్ మోటార్‌ని ముట్టుకోకపోయినా ఆయన చేతిని నడిపిస్తుంది.

అందుకని నేను అడిగేది పెద్దదేం కాదు. కొత్త సబ్జెక్టు వద్దు, క్రెడిట్లు వద్దు. సెకండియర్‌లో ఒక్క ల్యాబ్, మూడు గంటలు. ప్రోగ్రామ్ ముందే పనిచేస్తూ ఉంటుంది. మనం చేయాల్సింది దాన్ని చెడగొట్టడం. ఒకటి, ఇన్‌పుట్ వైరు పీకండి. స్క్రీన్ ఏం చెప్తోంది? రెండు, ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే 24 వోల్టుల సప్లై ఆపండి. మూడు, ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి. పంపు ఆగుతుందా, చివరిగా విన్న మాట పట్టుకుని తిరుగుతూనే ఉంటుందా? మాది తిరుగుతూనే ఉంది, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లినా అంతే. నాలుగు, పీఎల్‌సీనే స్టాప్‌లో పెట్టండి. అప్పుడు అవుట్‌పుట్ చివరి విలువ పట్టుకోవాలా, ముందే చెప్పి ఉంచిన విలువకి వెళ్లాలా అని సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఏది సేఫ్ అనేది ఆ అవుట్‌పుట్ దేన్ని నడుపుతోందో దాన్ని బట్టి ఉంటుంది. వేడి చేసే ఆవిరి వాల్వ్ అయితే మూసుకోవాలి, చల్లబరిచే నీటి వాల్వ్ అయితే తెరిచే ఉండాలి. ఇది కోడింగ్ ప్రశ్న అనిపించదు, కానీ జవాబు టైప్ చేసేది మనమే.

మా కథలో మిగిలింది చెప్తా. మర్నాడు పొద్దున వెళ్లి ల్యాబ్ అన్నతో చెప్పా, వైరు ఊడినా పంపు ఆగాల్సింది, నా లైను వల్ల ఆగలేదని. ఆయన కోపం చేసుకోలేదు. "వైర్లు ఊడతాయి బాబూ, ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నా. ఊడినప్పుడు చెప్పేలా చెయ్యి" అన్నాడు. తర్వాత మేడమ్ దగ్గరికి కూడా వెళ్లి చెప్పా. అది వైరు బిగించడం కన్నా కష్టమైంది.

ఆ లైను తీసేశాం. ఇప్పుడు 3.6 మిల్లీఆంప్‌ల కిందికి వెళ్తే స్క్రీన్ మీద అంకె రాదు, "వైరు చూడండి" అని ఎర్రగా వస్తుంది, పంపు ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ సెకనుకోసారి ఒక కౌంటర్ పెంచుతూ ఉంటుంది. అయిదు సెకన్లు అది కదలకపోతే పీఎల్‌సీయే పంపుని ఆపేస్తుంది. డ్రమ్ము పైన 90 రూపాయల ఫ్లోట్ స్విచ్ కూడా వచ్చింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడకెక్కింది.

ఫెస్ట్‌లో మాకు ప్రైజ్ రాలేదు. కిట్ మాత్రం ఇంకా అలాగే ఉంది. వచ్చే శనివారం మధ్యాహ్నం ఆ మూడు గంటల ల్యాబ్‌ని మేమే పెడుతున్నాం, ల్యాబ్ అన్న కూడా ఉంటాడు. ఏ బ్రాంచ్ వాళ్లయినా రావొచ్చు. స్క్రూడ్రైవర్ మేమిస్తాం, వైరు మీరే పీకండి.